గూన ఇల్లు, తుమ్మలు కమ్మిన పెరడు: మేం చేయించిన మరమ్మతు వివరంగా

వరంగల్ జిల్లా నర్సంపేట వైపు మా ఊళ్లోని పాత ఇంటికి మరమ్మతు మొదలుపెట్టినప్పుడు మొదటి కూలి పడింది పెరట్లో తుమ్మలు కొట్టడానికే. ఇంటి మీద గూన (వంపు తిరిగిన మట్టి పెంకు) జారి లోపలికి ఎండ పడుతుంటే పెరడు పని ఇప్పుడెందుకని చూసినవాళ్లంతా అడిగారు. జవాబు వెనక గోడ దగ్గర ఉంది.

ఇల్లు ఇట్లా ఉంటుంది: నడుమ భవంతి, అంటే పైన కప్పు లేని ఖాళీ జాగా, నాలుగు వైపుల నుంచి దాంట్లోకి వాలే గూన కప్పు, రాతి పునాది మీద 2 అడుగుల మందం మట్టిగోడలు, టేకు దూలాలు, టేకు వాసాలు, వాటి మీద వెదురు దబ్బలు. వెనక 8 గుంటల పెరడు, అంటే 968 గజాలు, అందులో చేద బావి. 11 ఏళ్లు తాళం పడి ఉంది. ఆ 11 ఏళ్లలో రాలిన ఆకు, వానకు కొట్టుకొచ్చిన దుబ్బ కలిసి వెనక గోడకు ఆనుకుని అడుగున్నర ఎత్తు మేట వేసింది. భవంతి నీళ్లు బయటికి పోయే మోరిలో తుమ్మ వేరు దూరి పూర్తిగా పూడుకుపోయింది. రాతి పునాది మట్టిలో మునిగి, మట్టిగోడ నేరుగా తడినేలకు తగులుతోంది. గోడ అడుగు గోరుతో గీకితే రాలేది. చెదలకు రాయి ఎక్కే శ్రమ కూడా లేకుండాపోయింది. మేటలోంచి గోడలోకి, గోడలోంచి దూలం కొసల్లోకి పోయాయి. కప్పుకు వచ్చిన రోగంలో సగం పెరట్లో పుట్టిందే. ఆ మేట తీయకుండా ఎంత డబ్బు పోసి కప్పు వేసినా నాలుగేళ్లకు దూలం మళ్లీ పుచ్చిపోతుంది.

అందుకే మేస్త్రీని, వడ్ల (వడ్రంగి) ఆయనను పిలవకముందే నీళ్లు ఎటు వస్తున్నాయి, ఎటు పోతున్నాయి అన్నది తేల్చుకున్నాం. దీనికి పెద్ద పరికరం అక్కర్లేదు. మేస్త్రీల దగ్గర ఉండే లెవల్ పైపు చాలు. పైపులో నీళ్లు నింపి, గాలి బుడగలు పోయేదాకా ఆగి, ఇంటి చుట్టూ ఒకే మట్టంలో సుద్దతో గీతలు పెట్టాం. ఒక్కో గీత నుంచి నేలకు ఎన్ని అంగుళాలు ఉందో కొలిచి కాగితం మీద రాశాం. రెండు సంగతులు తేలాయి. వెనక ఈశాన్యం మూల నేల ముందు వాకిలికంటే 11 అంగుళాలు ఎత్తుకు పెరిగింది. ముందు సీసీ రోడ్డు వాకిలికంటే 5 అంగుళాలు ఎత్తులో ఉంది. ఊళ్లలో రోడ్డు మీద రోడ్డు వేసినకొద్దీ పాత ఇళ్లన్నీ ఇట్లాగే గుంతలోకి పోతున్నాయి. చాలామంది ఇంటి లోపల మొరం పోసి బండలు ఎత్తుకు వేయిస్తారు. అట్లా చేస్తే దర్వాజ ఎత్తు తగ్గి తల తగలడం ఒక్కటే కాదు, మట్టిగోడ అడుగు లోపలి వైపు కూడా పూడుకుపోయి చెమ్మ రెండు వైపుల నుంచీ పడుతుంది. మేం లోపలి మట్టం ముట్టలేదు. గేటు దగ్గర అడ్డంగా 6 అంగుళాల వెడల్పు, 8 అంగుళాల లోతు కాలువ తీసి, పైన ఇనుప జాలి పెట్టి, రోడ్డు నీళ్లను ఇంటి పక్కగా, మేట తీసిన వెనక వైపుకు మళ్లించాం. ప్రతి 8 అడుగులకు 1 అంగుళం వాలు. ఇంతకంటే తక్కువైతే ఇసుక ఆగిపోతుంది.

పని వరుసను కార్తెలే నిర్ణయించాయి. సున్నం గుంత ఫిబ్రవరిలో, పెరడు మార్చిలో, కప్పు ఏప్రిల్, మే నెలల్లో. రోహిణి ఎండలు ముగిసి మృగశిర వచ్చేలోపు ఆఖరి గూన ఎక్కాలి. అప్పటికి కప్పు తెరిచి ఉంటే తాడిపత్రి కవర్లు గాలివానకు ఆగవు, మట్టిగోడ నెత్తి మీద వాన పడితే ఇల్లు ఉండదు.

సర్కారు తుమ్మ గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే డబ్బు వృథా అయ్యేది ఇక్కడే. దీన్ని నేల మట్టానికి కొడితే చావదు. మొద్దుకు నేలలోపల ఉండే మెడ భాగంలో మొగ్గలు నిద్రపోతుంటాయి. పైన కొట్టగానే అవి లేచి, ఒక్క కొమ్మ ఉన్నచోట పది కొమ్మలు వస్తాయి. ఆ మెడ కింద, నేలలోకి కనీసం అడుగు లోతున తెంపితేనే ఆ చెట్టు పోయినట్టు. కాబట్టి పెకిలించడమే మార్గం. పెకిలించాలంటే ముందు మొత్తం నరికేయకూడదు. పక్క కొమ్మలు కొట్టి, 4 అడుగుల మోడు నిలబెట్టి, దానికి గొలుసు చుట్టి జేసీబీతో లాగితే ఆ మోడే మీటలాగా పనిచేసి వేరు మెడతో సహా పైకి వస్తుంది. ముందే మొదలంటా కోసేస్తే మెషినుకు పట్టు దొరకదు. బకెట్‌తో తవ్వుకుంటూ పోతుంది. గంట పనికి మూడు గంటల కిరాయి పడుతుంది, పైమట్టి కిందికి, కింది మొరం పైకి వస్తుంది.

మేం చేసిన తప్పు ఒకటి ఉంది. వెనక గోడకు 5 అడుగుల దూరంలో ఉన్న మోడును కూడా మెషినుతోనే లాగించాం. దాని వేరు పునాది కిందికి పోయి ఉంది. మోడుతో పాటు రెండు పునాది రాళ్లు కదిలి వచ్చాయి, పైన గోడ మూరెడు పొడవున పగిలింది. తర్వాత నియమం పెట్టుకున్నాం. గోడకు, బావికి 12 అడుగుల లోపల మెషిను రావద్దు. ఆ లోపల ఉన్నవాటి చుట్టూ గడ్డపారతో తవ్వి, మెడ కింద గొడ్డలితో తెంపించాం. పునాది కిందికి పోయిన వేరును అక్కడికే కోసి వదిలేశాం. అది కుళ్లితే లోపల బొంద పడుతుంది కాబట్టి, అందినంత మేర సున్నం, ఇటుక ముక్కలు కలిపిన ముద్దను కర్రతో కూరాం. మిగిలిన మోళ్లకు డీజిల్ గాని కలుపు మందు గాని పోస్తే తొందరగా చస్తాయని చెప్పారు. బావి దగ్గరే ఉంది కాబట్టి ఆ పని చేయలేదు. వానాకాలమంతా 20 రోజులకోసారి చిగురు తుంచాం. ఆకు లేని వేరు దసరాకల్లా చచ్చింది.

ముళ్లు మరో పని. చెట్లు తీశాక ఇనుప దంతెతో రెండుసార్లు, ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా గీకాలి. మట్టిలో ఉండిపోయిన ముల్లు ఏళ్లకొద్దీ చెక్కు చెదరదు, రబ్బరు చెప్పును దాటి కాల్లో దిగుతుంది. మొద్దులు మంచి కట్టె, బొగ్గుకు అడిగి తీసుకెళ్తారు. ముళ్ల కొమ్మలను హద్దు పొడవునా కంపగా వేశాం. కాయలను మాత్రం ఏరి కాల్చేశాం. మేకలు తిన్నాయంటే గింజ పెంటికలో క్షేమంగా బయటపడి ఎక్కడ పడితే అక్కడ మొలుస్తుంది. మట్టిలో ఉన్న పాత గింజలు కొన్నేళ్లు మొలుస్తూనే ఉంటాయి. తొలకరి తర్వాత నేల తడిగా ఉన్నప్పుడు జానెడు మొక్కగా చేత్తో పీకితే వేరుతో సహా వస్తుంది. నేల ఎండిందా, గడ్డపార కావాలి.

వయ్యారిభామను పూత రాకముందే, చేతులకు గ్లోవ్స్ వేసుకుని పీకాలి. ఒంటికి తగిలితే దురద, దద్దులు. ఉప్పునీళ్లు చల్లితే మాడిపోతుందనే మాట నిజమే, బీడు భూముల్లో చేస్తారు. మొక్కలు పెట్టబోయే పెరట్లో ఉప్పు పోస్తే నేలే చెడుతుంది. తుంగ సంగతి వేరు. దాని గడ్డలు జానెడు లోతున గొలుసులాగా ఉంటాయి. తడిలో రోటవేటర్ కొట్టిస్తే ఒక గడ్డ పది ముక్కలై పదిచోట్ల మొలుస్తుంది. ఏప్రిల్‌లో నేల పొడిగా ఉన్నప్పుడు లోతుగా దున్ని, గడ్డలు పైకి తేలి ఎండేట్టు నెలరోజులు వదిలేశాం. పూర్తిగా పోలేదు, నాలుగింట మూడొంతులు పోయింది.

పాముల విషయంలో ఒక్క జాగ్రత్త: పొదలు కొట్టడం ఇంటి వైపు నుంచి మొదలుపెట్టి హద్దు వైపు పోవాలి. హద్దు నుంచి మొదలుపెడితే రక్తపింజర, కట్లపాము పొదలతో పాటు వెనక్కి జరుగుతూ ఇంట్లో దూరుతాయి. పనివాళ్లందరికీ మోకాళ్ల కిందిదాకా వచ్చే బూట్లు కొన్నాం. కరిస్తే కోయడం, కట్లు బిగించడం లేకుండా కదలకుండా పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలని, వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి పోవాలని మొదటి రోజే అనుకున్నాం. ఒక మూలన పాత పుట్ట ఉంది. నాగుల పంచమికి ఇప్పటికీ పాలు పోస్తారు. పనివాళ్లు దాన్ని ముట్టబోమన్నారు. మేమూ ముట్టలేదు. ఇంటికి 60 అడుగుల దూరం.

మేట తీశాక పునాది రాళ్లు మళ్లీ అడుగున్నర మేర బయటపడ్డాయి. గోడ పక్కన నేలను 3 అడుగుల వెడల్పున బయటికి వాలుగా సర్ది, గోడను ఆనుకుని 6 అంగుళాలు కంకర పోసి, దాని అవతల షాబాదు బండలు పరిపించాం. గోడ మొదలుదాకా కాంక్రీటు పోస్తే నేల చెమ్మకు వేరే దారి లేక గోడలోకే ఎక్కుతుంది. ఆ కంకర పట్టీ ఊపిరి కోసం. మోరిని 6 అంగుళాల పీవీసీ పైపుతో కొత్తగా వేసి, రెండు చోట్ల మూత తీసి కర్ర పెట్టి పొడిచే వీలు ఉంచాం.

చెదల మందు అప్పుడే కొట్టించాం, కొత్త నేల పరచకముందే. ఇమిడాక్లోప్రిడ్ 30.5 శాతం మందు లీటరు నీటికి 2.1 మిల్లీలీటర్లు. గోడ, నేల కలిసే గీత పొడవునా లోపలి వైపు అడుగుకో బెజ్జం, 12 మిల్లీమీటర్ల బిట్‌తో. ఒక్కో బెజ్జంలో నెమ్మదిగా లీటరు దాకా పోసి సున్నంతో మూయాలి. తొందరపడి పోస్తే పైకి పొంగుతుంది గాని కిందికి దిగదు. బావి వైపున్న గోడకు మందు వాడలేదు. అక్కడ రాతి పునాది బయటికి కనబడేట్టు ఉంచి, నెలకోసారి చూసి మట్టి గొట్టాలు గీకేస్తే సరిపోతుంది. చెదలు రాతి మీద దాక్కుని రాలేవు, గొట్టం కట్టుకునే రావాలి.

ఇక కప్పు. గూన దించేటప్పుడు కొప్పు (రెండు వాలులు కలిసే పై అంచు) నుంచి మొదలుపెట్టి రెండు వాలుల్లోనూ సమానంగా దించాలి. ఒకవైపు ఖాళీ చేసి రెండో వైపు బరువు ఉంచితే వాసాలు పక్కకు నెడతాయి. దించిన ప్రతి గూననూ వేలి గణుపుతో కొట్టి చూశాం. ఖంగుమంటే మంచిది, బొద్దుగా మోగితే లోపల పగులు. అనుమానం ఉన్నవాటిని వెల్లకిలా పెట్టి నీళ్లు పోసి రాత్రంతా ఉంచాం. తెల్లారి అడుగున చెమ్మ పట్టినా ఫర్వాలేదు, చుక్క కట్టినవి పక్కన పెట్టాం. నాలుగో వంతు పోయాయి. కొత్త గూన చేసే కుమ్మరి మాకు దగ్గర్లో దొరకలేదు. కూలగొడుతున్న ఇళ్ల దగ్గర పాతవి కొన్నాం. మన గూన ఒకటి చేతిలో పట్టుకునే పోవాలి. ఊరు మారితే వంపు, పొడవు మారతాయి, కొలత కుదరని గూన సందు వదిలేస్తుంది. దించినవి పేర్చిన కుప్పల్లో తేళ్లు చేరతాయి, చెయ్యి పెట్టేముందు కర్రతో తట్టాలి.

కట్టె పరీక్ష స్క్రూడ్రైవర్‌తో చేశాం. మంచి టేకులోకి మొన 2, 3 మిల్లీమీటర్లకు మించి దిగదు. దూలాల నడుములన్నీ గట్టిగా ఉన్నాయి. పోయినవి గోడలో దూరిన కొసలు మాత్రమే. మొత్తం దూలం మార్చమని ఒకరు, ఇనుప గర్డర్ వేయమని ఒకరు సలహా ఇచ్చారు. మేం పుచ్చిన 2 అడుగులు కోసేసి, పాత టేకు ముక్కను ఏటవాలు కోతతో అతికించాం. అతుకు పొడవు దూలం మందానికి మూడు రెట్లు, నాలుగు 12 మిల్లీమీటర్ల బోల్టులు, రెండు వైపులా ఇనుప పట్టీ. గోడలో దూలం కొస కింద బండ పెట్టి, పక్కలా పైనా వేలు పట్టే సందు వదిలాం. పాతవాళ్లు ఆ సందు వదిలారు. మధ్యలో ఎవరో సిమెంటుతో పూడ్చారు. గాలి ఆడని కొసే ముందు పుచ్చింది. కొన్న టేకుకు రసీదు దాచుకోవాలి, దారిలో అటవీశాఖ వాళ్లు అడుగుతారు. వెదురు దబ్బలకు బోరాక్స్ మూడు పాళ్లు, బోరిక్ యాసిడ్ రెండు పాళ్లు కలిపిన పొడి 5 కిలోలు 100 లీటర్ల నీటిలో కరిగించి, డ్రమ్ములో వారం నానబెట్టి నీడలో ఆరబెట్టాం.

ఇక్కడ గూన ఇళ్లను చంపుతున్నది కోతులు. నిజానికి చాలామంది గూన తీసి రేకులు వేస్తున్నది వాటి బాధ పడలేకే. ఒక మంద పై నుంచి నడిచిపోతే వంద గూనలు జరుగుతాయి. కప్పు మీద జాలి పరిస్తే ఆకులు పట్టి నీళ్లు ఆగుతాయి. మేం కొప్పు, చూరు వైపు కింది రెండు వరుసలు, రెండు పక్కల అంచులు సున్నం, ఇటుక పొడి ముద్దలో కూర్చోబెట్టాం. మధ్యలోవి పొడిగానే, మూడో వంతు ఒకదాని మీద ఒకటి ఎక్కేట్టు. అంచులు కదలకపోతే మధ్యవి ఎక్కువ జారవు. కప్పుకు 12 అడుగుల లోపల ఉన్న వేప కొమ్మలు కొట్టించాం. 200 గూనలు విడిగా దాచాం. ఏడాదికి 30, 40 మార్చాల్సి వస్తోంది, అది తప్పదు.

మట్టిగోడల మీద ఎప్పుడో సిమెంటు పూత వేసి ఉంది. తడితే డొల్ల మోత. సుత్తితో కొట్టకుండా పై అంచు నుంచి ఉలి దూర్చి మీటితే పలకలు పలకలుగా ఊడింది, వెనక మట్టి తడిగా పొడిపొడిగా ఉంది. మట్టిగోడ చెమ్మను పీలుస్తుంది, వదులుతుంది. సిమెంటు వదలనివ్వదు. పైగా ఎండకు గోడ కదిలినంత సిమెంటు కదలదు, విడిపోతుంది. మా మేస్త్రీ మంచి పనిమంతుడే గాని మొదట్లో రోజూ ఒకే మాట: "ఒక్క తట్ట సిమెంటు కలుపుదాం సార్, గట్టిగుంటది." గట్టిదనం ఇక్కడ మనకు అక్కర్లేదని ఆ ఊడిన పలక వెనక వైపు చూపించాకే ఆయన ఒప్పుకున్నాడు.

గోడ అడుగు కరిగినచోట 3 అడుగుల ముక్కలుగా, ఒకటి విడిచి ఒకటి తవ్వి రాయి, సున్నంతో కట్టాం. వరుసగా తవ్వితే పైగోడ కూర్చుంటుంది. మొదటి ముక్కలు పది రోజులు ఆరాకే మధ్యవి తవ్వాలి. పై గుంతలకు ఎర్రమట్టి, ఇసుక, వరిపొట్టు, తరిగిన వరిగడ్డి కలిపి 5 రోజులు మురగబెట్టి రోజూ తొక్కించాం. మట్టి ఎట్లాంటిదో సీసాలో తెలుస్తుంది: మూడో వంతు మట్టి, మిగతా నీళ్లు, చిటికెడు ఉప్పు వేసి ఊపి ఒక రోజు ఉంచితే ఇసుక అడుగున, బంక పైన తేరుతుంది. బంక నాలుగో వంతు దాకా ఉంటే బాగుంటుంది. ఎక్కువుంటే బీటలు, తక్కువుంటే రాలడం.

సున్నానికి ఓపిక కావాలి. గుంతలో ముందు నీళ్లు పోసి, తర్వాత సున్నపు గడ్డలు కొద్దికొద్దిగా వేయాలి. గడ్డల మీద నీళ్లు పోస్తే పేలి మొహాన పడుతుంది. కళ్లద్దాలు లేకుండా ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. సలసలా ఉడికి చల్లారాక సన్న జల్లెడలో వడకట్టి, పైన నాలుగు వేళ్ల నీళ్లు నిలిచేట్టు ఉంచాం. మూడు వారాలు కనీసం. రెండు నెలలకు తీసినప్పుడు ముద్ద తాపీకి వెన్నలా అంటుకునేది. వారానికే తీసి చూసిన ముద్దలో ఉడకని పలుకులు ఉన్నాయి. అవి గోడ మీద తర్వాత ఉబ్బి, బొబ్బ లేచి పెచ్చు ఊడుతుంది. మొదటి పూతకు సున్నం 1, ఇటుక పొడి 1, వాగు ఇసుక 2 పాళ్లు, అర అంగుళం మందం. రెండో పూతకు సున్నం 1, సన్న ఇసుక 2, పావు అంగుళం. కలిపే నీళ్లలో 100 లీటర్లకు 2 కిలోలు దంచిన కరక్కాయ, 4 కిలోల బెల్లం వేసి పది రోజులు నానబెట్టింది వాడాం. నల్లబెల్లం మీద గుడుంబా (నాటుసారా) కారణంగా ఆబ్కారీ నిఘా ఉంటుంది, తినే బెల్లమే కొన్నాం. గానుగ లేదు కాబట్టి ముద్దను మూడు రోజులు దిమ్మిసతో కొట్టించాం.

పడమటి గోడకు మే నెలలో పూత వేయడం పొరపాటు. 43 డిగ్రీల ఎండకు రెండు గంటల్లో నీరు ఇగిరి గోడంతా సాలెగూడులాగా సన్న బీటలు పడింది. సున్నం గట్టిపడేది గాలిలోని బొగ్గుపులుసు వాయువును పట్టుకుని, అదీ తేమ ఉన్నప్పుడే. మళ్లీ గీకి, పొద్దున 6 నుంచి 9 లోపు, సాయంత్రం 5 తర్వాత మాత్రమే వేసి, తడి గోనె సంచులు వేలాడదీసి పది రోజులు తడిపాక నిలిచింది. చివర మూడు చేతులు పలచటి సున్నం, అడుగున మూరెడు మేర జాజు (ఎర్రమట్టి రంగు).

కరెంటు తీగలకు మట్టిగోడను కోయలేదు, పైపులు పైనుంచే వేయించాం. దీపాలకు 1.5, ప్లగ్గులకు 2.5, గీజర్‌కు 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, కొత్త ఎర్తింగ్ గుంత, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ. తడి పట్టే పాత ఇంట్లో ఇది ప్రాణరక్ష. మరుగుదొడ్డి గుంతలు బావికి 50 అడుగుల అవతల, నేల వాలులో దిగువన తవ్వించాం.

బావిలోకి మనిషిని దించడం ఈ మొత్తం పనిలో అన్నిటికంటే ప్రమాదం. ఏళ్లుగా కదలని బావిలో ప్రాణవాయువు ఉండకపోవచ్చు, బొగ్గుపులుసు వాయువు అడుగున చేరి ఉంటుంది. పైన నిలబడి చూస్తే ఏమీ తెలియదు. దీపం దించి చూసే పద్ధతి పాతది. ఆరితే దిగకూడదన్నది నిజం, గాని ఆరలేదంటే క్షేమమని కాదు. కుళ్లిన ఆకు నుంచి వచ్చే కొన్ని విషవాయువులు దీపాన్ని ఆర్పవు, కొన్నిటికి నిప్పే అంటుకుంటుంది. మేం దీపం దించలేదు. రెండు రోజులు మోటరుతో నీళ్లు తోడి పైనుంచే ధారగా మళ్లీ పోస్తూ, ఆకులున్న వేపకొమ్మలు తాడుకు కట్టి పైకీ కిందికీ ఆడించి, గాలి కొట్టే బ్లోవర్ గొట్టాన్ని అడుగుదాకా వదిలి, గాలి కొలిచే మీటరు కిరాయికి తెప్పించి దించి చూశాకే ఒకాయన దిగాడు. నడుముకు తాడు, పైన ఇద్దరు పట్టుకుని, బ్లోవర్ ఆగకుండా. లోపల ఎవరైనా పడిపోతే ఇంకొకరు దూకొద్దు, తాడుతోనే లాగాలి అని ముందే గట్టిగా చెప్పాం. ఒకరి వెనక ఒకరు దిగి ముగ్గురు పోయిన సంఘటనలు పేపర్లో చదువుతూనే ఉంటాం. డీజిల్ ఇంజను బావిలో దించితే పొగే చంపుతుంది.

4 అడుగుల పూడిక వచ్చింది. బావి గోడ రాళ్ల వరసలో మొలిచిన రావి మొక్కను పైన కోయకుండా, చుట్టూ నాలుగు రాళ్లు తీసి వేరంతా లాగి, రాళ్లు సున్నంతో తిరిగి పెట్టాం. నీళ్లు ఊరాక బ్లీచింగ్ పౌడర్. లెక్క ఇది: అడ్డకొలత మీటర్లలో వర్గం చేసి, నీటి లోతుతో గుణించి, 3.14తో గుణించి 4తో భాగిస్తే ఘనపు మీటర్లు. మా బావి 3 మీటర్ల అడ్డం, 3 మీటర్ల నీళ్లు, అంటే సుమారు 21,200 లీటర్లు. 1000 లీటర్లకు 2.5 గ్రాముల చొప్పున 53 గ్రాములు. ఇది 33 శాతం క్లోరిన్ ఉన్న తాజా పొడికి లెక్క, మూత తీసి ఉంచిన డబ్బాలో బలం పోతుంది. బకెట్‌లో కలిపి, సున్నం అడుక్కి తేరాక పైతేట నీళ్లనే బావిలో కలపాలి, గంట ఆగి వాడాలి.

నేల పని ఆఖరున. మాది ఎర్ర చెల్క, నీళ్లు నిలవవు. మట్టి పరీక్షకు చెట్ల కింద, పెంటకుప్పల దగ్గర వదిలేసి, పదిచోట్ల జానెడు లోతు గుంతల గోడ నుంచి మట్టి గీకి, కలిపి, అరకిలో తీసుకెళ్లాం. చెరువు మట్టి తోలించాం. 2015లో చెరువుల పూడిక తీసే మిషన్ కాకతీయ పథకం మొదలయ్యాక పూడికమట్టి విలువ ఈ వైపు అందరికీ మళ్లీ తెలిసింది. చెట్లు పెట్టే 5 గుంటలకు 2 అంగుళాల మందానికి 100 ఘనపుటడుగుల ట్రాక్టరు ట్రాలీలు 9 పట్టాయి. తడి మట్టి తోలించి అట్లాగే కలియదున్నితే గడ్డలు ఇటుకల్లా బిగుస్తాయి. మేం కుప్పగా ఎండబెట్టి, మొదటి జల్లుకు విడిపోయాక పరిచాం. చెరువు అంచు మట్టిలో తుంగ గడ్డలు వస్తాయి, లోపలి మట్టే అడగాలి. తొలకరికి 2 కిలోల జనుము చల్లి, పూత మొదలైన 48వ రోజు కోసి మట్టిలో కలిపాం.

పాత మామిడిని కొట్టేయమన్నారు. దాని మీద బదనిక (చెట్టు కొమ్మల్లో వేరు దించి బతికే మొక్క) పట్టి ఎండిపోయినట్టు కనబడేది. బదనిక కరుచుకున్నచోట కాకుండా, దానికి అడుగున్నర కింద కొమ్మ కోయాలి. వేరు కొమ్మ లోపల పాకి ఉంటుంది. కాయ పండకముందే కోయాలి, పిట్టలు గింజను పక్క కొమ్మకు రుద్దుతాయి. కోసిన గాట్లకు బోర్డో పేస్ట్: మైలుతుత్తం 1 కిలో, సున్నం 1 కిలో, నీళ్లు 10 లీటర్లు, ప్లాస్టిక్ డ్రమ్ముల్లో విడివిడిగా కలిపి తర్వాత ఒకటి చేయాలి, ఇనుప పాత్ర వద్దు. ఒక్క ఏడాదే మొత్తం కొమ్మలు కొట్టకుండా మూడో వంతు చొప్పున తీస్తున్నాం. కొత్తగా నిమ్మ 16 అడుగుల దూరంలో, కల్యామాకు (కరివేపాకు), నీడలో పసుపు, ఎండలో చపాట మిర్చి పెట్టాం. కోతులు ముట్టనివి ఎంచుకున్నాం. జామ పెట్టి కాపలా కాయలేం.

తొలి వానకు ఈశాన్యం మూలలో కారింది. భవంతి మూలల్లో రెండు కప్పులు కలిసేచోట 24 గేజ్ జీఐ రేకు 2 అడుగుల వెడల్పుది వేశాం, అంచులు అంగుళం పైకి మడిచి. రేకు మీద రేకు 4 అంగుళాలే ఎక్కించారు, పెద్ద వానకు నీళ్లు ఎదురు ఎక్కి సందులోంచి దిగాయి. పై రేకును కింది దాని మీదికి 9 అంగుళాలు ఎక్కించి, గూన కొసలు రేకు మధ్య 6 అంగుళాల దారి వదిలేట్టు కోయించాక ఆగింది. ఆ మూలలో వేపాకు వారానికోసారి తీయాలి.

హద్దు పొడవునా 4 అడుగుల పట్టీలో గునుగు, తంగేడు దున్నకుండా వదిలాం. తంగేడు మొదళ్లను వేసవిలో కొద్దిగా కొడితే భాద్రపదానికి గుబురుగా పూస్తుంది. గునుగును బతుకమ్మకు కోసేటప్పుడు ప్రతి పది మొక్కలకు ఒకటి వదిలేస్తున్నాం, గింజ రాలి మళ్లీ ఏడాదికి మొలవడానికి.